తాళంచెవికి కట్టిన చెక్క

జూలై 4, గురువారం

ఓడిపోయాను. ఒక్క ఓటు తేడా.

మాక్ పార్లమెంటుకి ప్రధాని ఎన్నిక. మా పదో తరగతిలో నలభై ఒక్కమందిమి. మైకుకి ఇరవై ఒకటి, నాకు ఇరవై. మైకు అంటే నా ప్రాణ స్నేహితురాలు. నిన్నటిదాకా. దాని గొంతు అలాంటిది కాబట్టి ఒకటో తరగతి నుంచీ అందరికీ అది మైకే. అది క్లాసులో పాఠం చదివితే పక్క వీధిలో నిద్రపోతున్న కుక్కలు లేచి కూర్చుంటాయి.

నిన్న సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర ఇద్దరం ఒక మాట అనుకున్నాం. మన ఓటు మనమే వేసుకుంటే ఏం బాగుంటుందే, ఆబగా ఉంటుంది, నీది నాకెయ్యి, నాది నీకేస్తా అని. ముందు అన్నది అదే. నేను సరే అన్నాను. చేతిలో చెయ్యి కూడా వేసింది. నాకు భలే నచ్చింది. ఎవరు గెలిచినా మర్యాదగా గెలుస్తాం అనుకున్నాను.

ఇవాళ నేను దాని పేరు రాసి, చీటీ మడిచి డబ్బాలో వేశాను. అది తన పేరే రాసుకుంది.

ఎలా తెలిసిందంటే, అదే చెప్పింది. అందరిముందూ. లెక్క అయిపోయాక దాని చుట్టూ మూగారు. లంబూ, అదే మా క్లాసులో తాటిచెట్టంత వాడు, నువ్వెవరికేశావే అని అడిగాడు. ఎవరైనా తన ఓటు తను వేసుకోకుండా ఉంటారా, అంత పిచ్చిదాన్నా అని పకపకా నవ్వింది. నవ్వుతూ నా వైపు చూసింది. చూశాక నవ్వు ఆగింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

అంత పిచ్చిదాన్ని నేనే. దాని ఓటు నాకు పడుంటే ఆ ఇరవై ఒకటి నావి. పొద్దుటి నుంచీ ఇదే లెక్క వేస్తున్నాను. ఎటు నుంచి వేసినా అదే వస్తోంది.

దాని అంతు చూస్తాను.

జూలై 5, శుక్రవారం

ఫోన్ చేసింది. తియ్యలేదు. మళ్ళీ చేసింది. అమ్మమ్మ తీసి, అది ఇంట్లో లేదమ్మా అంది. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, నువ్వు లేవని ఎందుకు చెప్పాల్సొచ్చిందో తర్వాత చెప్పు, అబద్ధం ఆడినందుకు తెలుసుకునే హక్కు నాకుంది అంది. చెప్పలేదు.

జూలై 8, సోమవారం

సివిక్స్ సార్ నన్ను స్పీకర్ని చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏడుస్తున్న పిల్లకి బిస్కెట్టు ఇచ్చినట్టుంది.

సార్ మంచివారే. ప్రభుత్వం గురించి పుస్తకంలో చదివితే నిద్రొస్తుంది, మీరే నడిపి చూడండర్రా అని ఏటా పదో తరగతి గదిని పార్లమెంటు చేసేస్తారు. బెంచీలు రెండు వైపులా జరిపించారు. ఇటు ప్రభుత్వం, ఇరవై ఒక్కమంది, ముందు వరసలో ప్రధాని మైకమ్మ గారు. అటు ప్రతిపక్షం, పంతొమ్మిదిమంది, నాయకుడు లంబూ. బోర్డు కింద సార్ కుర్చీ. అది నాది.

ఈ ఏడు కొత్త సంగతి ఒకటుంది. స్కూలు ఓనరు, అదే కరస్పాండెంట్ గారు, ఆఖరి సమావేశానికి వచ్చి కూర్చుంటారట. మేం పాస్ చేసిన బిల్లు ఒకటి స్కూల్లో నిజంగా అమలు చేస్తారట. ఉత్తుత్తిగా కాదు, నిజంగా. ఒక్కటే. గదంతా ఈల వేసింది.

తర్వాత సార్ నా వైపు తిరిగి స్పీకర్ రూల్సు చెప్పారు. స్పీకర్ ఏ పక్షమూ కాదు. చర్చలో మాట్లాడకూడదు. ఓటు వెయ్యకూడదు. రెండు వైపులా సమానంగా పడితే మాత్రం ఒక ఓటు ఉంటుంది, అప్పుడు కూడా ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వడమే సంప్రదాయం అన్నారు. అంటే నోరు మూసుకుని ఎత్తుగా కూర్చోవడం. నాకు ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం సార్ ఇచ్చిన రూల్స్ పుస్తకం తిప్పాను. పేజీ తిప్పినకొద్దీ మంట చల్లారింది. స్పీకర్ పిలవనిదే ఎవరూ లేవకూడదట. స్పీకర్ ఆపమంటే ఆపాలట. క్రమశిక్షణ తప్పితే ఎవరినైనా బయటికి పంపొచ్చట.

ఎవరినైనా. ప్రధాని అయినా సరే.

ఈ రోజు అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాను.

జూలై 10, బుధవారం

ఒక ఇబ్బంది వచ్చింది. ఇది ఎవరికీ చెప్పుకునేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా స్కూల్లో ఆడపిల్లల బాత్రూముకి తాళంకప్ప వేసి ఉంటుంది. రెండేళ్ళ కిందట ఎవరో కుళాయి విరగ్గొట్టారని వేశారు. అబ్బాయిల వైపు అసలు తలుపే లేదు, తాళం దేనికి వేస్తారు. తాళంచెవి ఆఫీసు రూములో క్లర్కు సొరుగులో ఉంటుంది. ఆయన ఎదురుగా నిలబడి అడగాలి. ఆయన పెన్ను కింద పెట్టి, కళ్ళజోడు పైకి నెట్టి, ఇందాకే కదా ఎవరో వెళ్ళారు అంటాడు. బెల్లు కొట్టేదాకా ఆగలేవా అంటాడు. వరసలో ఫీజు కట్టడానికొచ్చిన నాన్నలు వింటూ ఉంటారు. ఇదంతా అయ్యాక ఇస్తాడు.

అది పోకుండా ఉండాలని తాళంచెవికి ఒక చెక్క కట్టాడు. బోర్డు తుడిచే డస్టరంత ఉంటుంది. జేబులో పట్టదు, గుప్పిట్లో దాగదు. దాన్ని పట్టుకుని తొమ్మిదో తరగతి అబ్బాయిల గది ముందు నుంచి నడవాలి. ఎక్కడికెళ్తున్నావో ఊరందరికీ తెలుస్తుంది.

నా వల్ల కాదు. ఎప్పుడూ కాలేదు. రెండేళ్ళుగా నా బదులు మైకే అడిగేది. నాకొస్తే దాని మోచెయ్యి గిల్లేదాన్ని, అంతే. అది లేచి వెళ్ళి, సార్ తాళంచెవి అని ఆఫీసు అదిరేలా అరిచేది. ఆ చెక్కని గంటలా ఊపుకుంటూ వరండాలో ముందు నడిచేది. అబ్బాయిలు నవ్వితే, ఏంట్రా మీ ఇంట్లో ఎవరూ పోరా అనేది. నేను వెనకాల నాకేం సంబంధం లేనట్టు నడిచేదాన్ని.

ఇప్పుడు ఎవర్ని గిల్లను.

జూలై 12, శుక్రవారం

నీళ్ళ సీసా ఇంట్లోనే వదిలేసి వెళ్తున్నాను. తాగకపోతే గొడవే లేదు.

జూలై 15, సోమవారం

మొదటి సమావేశం. ఈ రోజు తారీఖు చుట్టూ పువ్వు బొమ్మ వెయ్యాలి.

మైకు ప్రధానిగా మొదటి ఉపన్యాసం రాసుకొచ్చింది. నాలుగు కాగితాలు. చీర కట్టుకున్న ఫోజులో లేచి గొంతు సవరించుకుంది. గౌరవనీయులైన స్పీకర్ గారూ అంది. ఆ గారూ వినగానే నా చెవుల్లో చల్లగా ఐసు పోసినట్టయింది. మొదటి కాగితం సగంలో డస్టర్‌తో బల్ల మీద కొట్టాను. ప్రధాని గారి సమయం అయిపోయింది, కూర్చోవాలి అన్నాను. ఇంకా మొదలే కదే అంది. సభలో కదే, గిదే ఉండవు, స్పీకర్ని గౌరవంగా సంబోధించాలి అన్నాను. ప్రతిపక్షం బల్లలు చరిచింది. సుద్దపొడి లేచి దాని మొహం మీదకే పోయింది. దానికి తుమ్ము వచ్చింది.

కూర్చుంది. మూడు కాగితాలు చేతిలోనే ఉన్నాయి.

సార్ తర్వాత నన్ను పక్కకి పిలిచి, స్నేహితురాలైనా మొహమాట పడలేదమ్మా, అదీ స్పీకరంటే అన్నారు. నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాను.

జూలై 18, గురువారం

బయటికి పంపేశాను!

లంబూ మాట్లాడుతుంటే మధ్యలో అడ్డొచ్చింది. ఒకసారి హెచ్చరించాను. మళ్ళీ అడ్డొచ్చింది. గౌరవ సభ్యురాలు ఈ పీరియడ్ అయ్యేదాకా సభ బయట ఉండాలి అన్నాను. అది సార్ వైపు చూసింది. సార్ చేతులెత్తేసి, స్పీకర్ మాటే చెల్లుతుంది, నేను ఇక్కడ గోడ మీద బల్లినంతే అన్నారు. వెళ్ళి వరండాలో నిలబడింది. కిటికీ లోంచి దాని జడ కనిపిస్తూనే ఉంది. ఆ జడని చూస్తూ సభ నడిపాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నడుము నొప్పిగా ఉంది. ఎత్తు కుర్చీ వల్ల అనుకుంటా.

జూలై 20, శనివారం

జ్వరం. చలి. కుర్చీ వల్ల కాదు.

జూలై 24, బుధవారం

నిన్ననే ఆస్పత్రి నుంచి వచ్చాను. యూరిన్ ఇన్ఫెక్షన్ అంది డాక్టరమ్మ. కిడ్నీల దాకా పాకిందట. స్కూల్లో బాత్రూముకి వెళ్తావా వెళ్ళవా అని సూటిగా అడిగింది. అమ్మ ముందు తల దించుకున్నాను. అమ్మ ఆఫీసుకి సెలవు పెట్టి మంచం పక్కన కూర్చుని, ఇదేం స్కూలే, రేపే వచ్చి ఆ క్లర్కు తిక్క కుదురుస్తాను అంది. నువ్వు స్కూలుకొచ్చి ఆ మాట ఎత్తితే నేను చదువు మానేస్తానన్నాను. నిజంగానే అన్నాను. ఆ ఫీజు వరసలో నిలబడి అమ్మ నా ఉచ్చ గురించి మాట్లాడుతుంటే వినడం కన్నా కిడ్నీలు పోవడం నయం.

సాయంత్రం మైకు వచ్చింది. చప్పుడు విని గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాను. అమ్మమ్మ దాన్ని వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. అమ్మమ్మకి మనిషి దొరికితే చాలు. రోగం పేరు, మందుల పేర్లు, డాక్టరమ్మ తిట్లు, నీళ్ళ సీసా ఇంట్లో వదిలేసిన సంగతి, అన్నీ వరసగా చెప్పేసింది. మైకు వెళ్ళేటప్పుడు నా గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది. రెప్పలు వణక్కుండా పడుకోవడం ఎంత కష్టమో.

జాలి పడటానికి వచ్చింది. గెలిచినవాళ్ళకి అది కూడా కావాలి.

జూలై 29, సోమవారం

స్కూలుకి వెళ్ళాను. రెండు బిల్లులు వచ్చి ఉన్నాయి.

ప్రతిపక్షానిది, ఆఖరి బెల్లు తర్వాత గ్రౌండు గేటు తెరిచి ఉంచాలి, ఆడుకోవడానికి. ప్రభుత్వానిది, ఆడపిల్లల బాత్రూముకి స్కూలు వేళల్లో తాళం వెయ్యకూడదు. ప్రవేశపెట్టేది ప్రధాని.

రెండోది చదివి నాకు చెమట పట్టింది. ఈ బిల్లు ఎక్కణ్ణుంచి పుట్టిందో నాకు తెలుసు. మా వంటింట్లోంచి.

నా కడుపు నొప్పితో అది పేరు కొట్టేద్దామని చూస్తోంది. నా చేత ఓటు వేయించుకుంది, ఇప్పుడు నా రోగం కూడా వాడుకుంటోంది. ఈ బిల్లు పాస్ కాదు. నేను ఈ కుర్చీలో ఉండగా కాదు.

ఆగస్టు 1, గురువారం

ఇంత పని చేస్తుందనుకోలేదు.

బిల్లు మీద చర్చ. మైకు కాగితం లేకుండా లేచింది. సమయం ఇవ్వక తప్పలేదు, సార్ గడియారం చూస్తున్నారు. మొదట్లో మామూలుగానే మాట్లాడింది, తాళం, చెక్క, క్లర్కు గారి కళ్ళజోడు. అందరూ నవ్వారు. తర్వాత గొంతు తగ్గించింది. మన క్లాసులోనే ఒకమ్మాయి అడగలేక, తాగడం మానేసి, ఆస్పత్రిలో సెలైన్ పెట్టించుకుంది, ఆ అమ్మాయి కోసమైనా అంది.

పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది. పోయిన వారం ఎవరు రాలేదో అందరికీ తెలుసు. నలభైమంది తలలు ఒకేసారి కుర్చీ వైపు తిరిగాయి. అబ్బాయిలు కూడా. లంబూ అయితే పాపం అన్నట్టు మొహం పెట్టాడు. వాడి పాపం వాడి నెత్తిన పడ.

స్పీకర్ మాట్లాడకూడదు. కాబట్టి డస్టర్ పట్టుకుని కూర్చున్నాను. పళ్ళు ఎంత గట్టిగా కొరుక్కున్నానంటే రాత్రి అన్నం నమలలేకపోయాను.

వరండాలో నా చెయ్యి పట్టుకోబోయింది. నీ కోసమే కదే అంది. విదిలించుకున్నాను. నా కోసం చెయ్యాల్సింది ఒకటే ఒకటి, నా పేరు రాయడం, అది చెయ్యలేదుగా అన్నాను. దాని మొహం మాడిపోయింది. నెల రోజుల్లో సభ బయట దానితో నేను మాట్లాడిన మొదటి మాట అది.

ఆగస్టు 5, సోమవారం

లెక్క వేశాను. ప్రభుత్వం ఇరవై ఒకటి, ప్రతిపక్షం పంతొమ్మిది. మామూలుగా అయితే బిల్లు పాసైపోతుంది. ఒక్కడు ఇటు నుంచి అటు దూకితే చాలు. ఇరవై, ఇరవై. అప్పుడు నా ఓటు వస్తుంది. ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వడమే సంప్రదాయం. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేరు.

నేను ఒక్క ఓటుతో పోయాను. అదీ ఒక్క ఓటుతోనే పోవాలి. ఆ ఒక్క ఓటూ నాదే అవ్వాలి.

ఆగస్టు 6, మంగళవారం

బుడుంగు దొరికాడు. ప్రభుత్వం వైపు ఆఖరి బెంచీలో ఉంటాడు. పొట్టిగా, గుండ్రంగా, కాళ్ళ దగ్గర ఎప్పుడూ ఒక బంతి. వాణ్ణి సైకిల్ స్టాండు దగ్గర పట్టుకున్నాను. మొదటి బిల్లు పోతే వెంటనే గ్రౌండు బిల్లు తీసుకుంటాను, సభలో ఏది ముందు ఏది వెనక అన్నది నా చేతిలో పని అన్నాను. స్పీకర్ ఇలా చెప్పొచ్చా అన్నాడు. చెప్పకూడదు. స్పీకర్ చెప్పట్లేదు, నేను చెప్తున్నాను అన్నాను. బంతిని కాలితో రెండుసార్లు దొర్లించి సరే అన్నాడు.

మాట తప్పవు కదా అన్నాను. ఛ, మాటంటే మాటే అన్నాడు. ఆ స్టాండు దగ్గరే మైకు నా చేతిలో చెయ్యి వేసింది. కావాలనే వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళాను.

ఆగస్టు 9, శుక్రవారం, ఉదయం 7

ఇవాళే. ఇస్త్రీ బట్టలు. నూనె రాసి రెండు జడలు. అమ్మమ్మ బలవంతాన రెండు గ్లాసుల నీళ్ళు తాగించింది. డాక్టరమ్మ ఆర్డరట. తాగకపోతే గుమ్మం దాటనివ్వనంది.

ఆగస్టు 9, సాయంత్రం

అయింది. మొత్తం రాస్తాను.

హాల్లో పెట్టారు సభని. ముందు వరసలో కరస్పాండెంట్ గారు, పక్కన హెడ్ మేడమ్, వెనకాల మిగతా టీచర్లు, కుర్చీలు సర్దుతూ క్లర్కు. పొద్దుటి నుంచీ క్లర్కు హాల్లోనే ఉన్నాడు. ఆఫీసు రూముకి గొళ్ళెం. సొరుగులో తాళంచెవి. అంటే ఈ రోజు స్కూల్లో ఏ ఆడపిల్లా ఎక్కడికీ వెళ్ళలేదు. నాలో అమ్మమ్మ పోసిన రెండు గ్లాసులున్నాయి.

మైకు బాగా మాట్లాడింది. ఒప్పుకుంటాను. ఈసారి ఏ అమ్మాయి సంగతీ ఎత్తలేదు. ఆడపిల్లలకి నీళ్ళు తాగే హక్కుందా లేదా చెప్పండి అని ఒకటే అడిగింది. లంబూ లేచి, తాళం తీస్తే కుళాయిలు విరుగుతాయి, క్లాసులెగ్గొట్టి అందులో కూర్చుంటారు అన్నాడు. వాడికి అదేం నమ్మకం కాదు. ప్రతిపక్షం కాబట్టి వద్దనాలి, అంతే. కరస్పాండెంట్ గారు మాత్రం బాగా తలూపారు.

నేను కాలు మీద కాలు వేసుకుని బిగించుకుని కూర్చున్నాను. చెమటలు కారుతున్నాయి. ప్రతిసారీ డస్టర్ కొడుతుంటే పొత్తికడుపులో కొట్టినట్టుంది.

ఓటింగు. అవునన్నవాళ్ళు లేవాలి. సార్ లెక్కపెట్టారు, ఇరవై. వద్దన్నవాళ్ళు లేవాలి. పంతొమ్మిది. ఒకటి తక్కువ. అప్పుడు ప్రభుత్వం ఆఖరి బెంచీలోంచి బుడుంగు నెమ్మదిగా లేచాడు. ఇరవై.

సార్ నా వైపు తిరిగి, ఇప్పుడు స్పీకర్ గారి ఓటు అన్నారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ టై అవ్వలేదట.

లేచాను. మైకు మొహం చూడాలి, ఆ మొహం కోసమే కదా ఇన్ని రోజులు ఆగాను. చూశాను. అది నా మొహం చూడట్లేదు. నా కాళ్ళు చూస్తోంది. మెలేసుకున్న నా కాళ్ళు. ఆ సభలో ఇంకెవరికీ తెలియదు. దానికి తెలుసు.

అది చూసి నాకు ఇంకా మండింది. నువ్వు నా సంగతి కనిపెట్టేదేంటి.

సంప్రదాయాన్ని గౌరవిస్తూ, ఉన్న పద్ధతిని ఉన్నట్టే ఉంచాలని, వ్యతిరేకంగా ఓటు వేస్తున్నాను అన్నాను. బిల్లు వీగిపోయింది అన్నాను. డస్టర్ కొట్టాను.

చప్పట్లు అందరికన్నా ముందు కరస్పాండెంట్ గారివి. లేచి నా దగ్గరికొచ్చి చెయ్యి కలిపారు. ఆవేశం లేదు, పద్ధతి ఉంది, ఇలాంటి పిల్లలు కావాలి మనకి అన్నారు. మెత్తటి చెయ్యి. తర్వాత గడియారం చూసుకున్నారు. నాకు ఇంకో మీటింగుంది, చాలా బాగా జరిగింది అన్నారు. ఇంకో బిల్లు ఉంది సార్ అన్నాను. వచ్చే ఏడాది చూద్దాం అన్నారు నవ్వుతూ. కారెక్కి వెళ్ళిపోయారు.

ఏ బిల్లూ పాస్ కాలేదు. ఆయన చెయ్యాల్సింది ఏమీ లేదు. బుడుంగు బంతి చంకలో పెట్టుకుని నా ముందు నుంచి వెళ్తూ, మాట తప్పవు కదా అని నన్నడిగావ్ అన్నాడు.

అందరూ వెళ్ళిపోయారు. నేను కుర్చీలోంచి లేవలేదు. లేస్తే అయిపోయేది నా పని. అప్పుడు వరండాలో చెక్క చప్పుడు వినపడింది. గోడకి తగిలించుకుంటూ, గంటలా ఊపుకుంటూ. మైకు వచ్చింది. తాళంచెవి నా ముందు బల్ల మీద పెట్టింది. వెళ్ళిపోయింది.

నేను దాన్ని ముట్టుకోలేదు అని రాయాలని ఉంది. ముట్టుకున్నాను. పరిగెత్తాను.

ఆగస్టు 10, శనివారం

గెలిచాను కదా. తీపిగా ఉండాలి. అది మధ్యలో ఆ చెక్క తెచ్చి పెట్టి మొత్తం పాడు చేసింది. తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చి ఉంటే ఇంకా బాగుండేది.

అమ్మమ్మకి అన్నీ చెప్పాను, చీటీల దగ్గర్నుంచి. చేటలో బియ్యం ఏరుతూ వింది. అయితే నీ స్నేహితురాలు నీకు ఓటు వెయ్యలేదు, నువ్వు నీ కిడ్నీలకి వెయ్యలేదు అంది. మళ్ళీ బియ్యం ఏరుకుంది.

ఆగస్టు 12, సోమవారం

నోటీసు బోర్డులో నా ఫోటో. ఆదర్శ స్పీకర్. కింద కరస్పాండెంట్ గారి సంతకం.

మూడో పీరియడ్‌లో హాజరు పట్టీ ఇచ్చి రమ్మంటే ఆఫీసు రూముకి వెళ్ళాను. అక్కడ ఆరో తరగతి పిల్ల ఒకతె క్లర్కు ముందు నిలబడి ఉంది. రిబ్బను ఊడిపోయి ఉంది. ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదకి మారుతోంది. ఆ మారడం నాకు బాగా తెలుసు. క్లర్కు పెన్ను కింద పెట్టి, కళ్ళజోడు పైకి నెట్టాడు. అంత తొందరేం వచ్చింది, తాళం ఉండాలని మీ పార్లమెంటే చెప్పింది కదా అన్నాడు. నన్ను చూసి నవ్వాడు. ఇదిగో, ఈ అక్కే చెప్పింది, కావాలంటే అడుగు అన్నాడు.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు. నిజమా అక్కా అని అడిగింది.

పట్టీ బల్ల మీద పడేసి వచ్చేశాను.

నేను కొట్టింది మైకుని. దెబ్బ దీనికి తగిలింది. నా ఓటు తీసుకెళ్ళి వాడు సొరుగులో పెట్టుకున్నాడు. నా ఫోటో కింద ఇంకొకాయన సంతకం పెట్టుకున్నాడు. ఒక్క ఓటు కోసం నెల రోజులు కళ్ళల్లో నిప్పులు పోసుకుని తిరిగాను. ఆ నిప్పులు ఎవరి మీద పొయ్యాలో ఇప్పుడు తెలిసింది.

వీళ్ళ అంతు కూడా చూస్తాను. పద్ధతిగానే.

ఆగస్టు 13, మంగళవారం

రెండో పీరియడ్‌లో లేచి నిలబడ్డాను. మేడమ్, తాళంచెవి కోసం అన్నాను. అందరికీ వినపడింది. మైకు తల తిప్పి చూసింది. అది నాలుగు బెంచీలు వెనక కూర్చుంటోంది ఇప్పుడు.

ఆఫీసుకెళ్ళి అడిగాను. అడగడం అంత కష్టం కాదు, రెండు మాటలే. స్పీకర్ గారికి అడ్డేముంది అని క్లర్కు వెంటనే ఇచ్చాడు. చెక్క ఊపుకుంటూ తొమ్మిదో తరగతి ముందు నుంచి నడిచాను. ఎవడో నవ్వాడు. ఆగి వాణ్ణి సభలో చూసినట్టు చూశాను. వాడు పుస్తకం తెరిచాడు.

తాళం తీశాను. తాళంకప్పని లంగా జేబులో వేసుకున్నాను. తలుపు బార్లా తెరిచి, కింద ఇటుక పెట్టాను. ఆఫీసుకి తిరిగి వెళ్ళి చెక్కనీ, తాళంచెవినీ క్లర్కు చేతిలో పెట్టాను. థాంక్యూ సార్ అన్నాను. జాగ్రత్తగా సొరుగులో పెట్టుకున్నాడు.

వరండా మలుపులో మైకు ఉంది. నా జేబు ఒక పక్కకి వేలాడుతోంది. చూసింది.

ఆగస్టు 14, బుధవారం

రోజంతా తలుపు తెరిచే ఉంది. ఆరో తరగతి పిల్లలు రెండేసిమంది వెళ్ళొస్తున్నారు, ఊరికే చూడటానికి కూడా. క్లర్కు చేతిలో చెక్క పట్టుకుని గది గదికీ తిరిగి తాళంకప్ప ఎవరు తీశారని అడిగాడు. మా గదికి వచ్చి, నిన్న ఆఖరున తీసుకెళ్ళింది నువ్వే కదా అన్నాడు. అవును సార్, మీ దగ్గర తీసుకున్నది మీకే ఇచ్చాను కదా అన్నాను. ఇచ్చావు అన్నాడు. చెక్క వైపు చూసుకున్నాడు. వెనక బెంచీల్లో ఎవరో గట్టిగా తుమ్మారు. అది తుమ్ము కాదు. ఆ గొంతు నాకు తెలుసు.

తాళంకప్ప నా బీరువాలో స్వెట్టర్ల కింద ఉంది.

ఆగస్టు 16, శుక్రవారం

కొత్త తాళంకప్ప వేశారు. పెద్దది, ఇత్తడిది. చెక్క కూడా కొత్తది. పాతదానికి రెండింతలు.

ఆగస్టు 19, సోమవారం

కొత్త తాళంకప్ప కూడా పోయింది.

అది నేను తియ్యలేదు.

మైకు వచ్చి నా పక్కన బెంచీ మీద బ్యాగు పెడితే ఠంగుమంది. దాని చీటీ సంగతి నేను మరిచిపోలేదు. జరిగి చోటిచ్చాను.